కాపీ అనుకున్నది

చిక్కడపల్లి సందులోని ఓ చిన్న బడిలో సంయుక్త మూడో తరగతి చదువుతోంది. ఒక సాయంత్రం తల్లి మాధురి ఆమె లెక్కల పుస్తకం తిరగేస్తూ ఆగిపోయింది. ఒక లెక్క కింద ఎవరిదో వంకర చేతిరాత.

"ఇదెవరు రాసిన్రు?"

"ప్రేమ. నాకు చెప్పుకుంట రాసింది మమ్మీ. వినయ్, ప్రేమ, నేను కలిసి చేస్తం."

ప్రేమ తండ్రి బుగ్గయ్య పాలమూరు నుంచి వచ్చిన కూలీ. కట్టే ఇళ్ల దగ్గర ఇటుకలు మోస్తాడు. అలాంటి ఇంటి పిల్ల తన బిడ్డకు లెక్క చెప్పడమేమిటి? సంయుక్తది చూసి కాపీ కొడుతోంది, అంతే! చదువుకున్నవాళ్లకు ఇలాంటి అనుమానాలు ఎంత తేలిగ్గా కలుగుతాయో చూడండి.

మర్నాడు మాధురి బడికి వెళ్లింది. "మా అమ్మాయిని వేరే కూసోబెట్టండి టీచర్."

వీణ టీచర్ వాదించలేదు. "పది నిమిషాలు వెనక కూసోండి మేడం. తర్వాత మీ ఇష్టం. పిల్లలకు మాత్రం ఏం చెప్పొద్దు."

పిల్లలను ముగ్గురేసి గుండ్రంగా కూర్చోబెట్టి, యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసివేయమని బోర్డు మీద రాసి, టీచర్ ఊరుకుంది. పాఠం చెప్పే శ్రమ తప్పించుకోవడానికే ఈ గుంపులేమోనని మాధురికి ఇంకో అనుమానం.

"ముప్పై అయిదు," అంది సంయుక్త వెంటనే. వినయ్ అదే రాసేసుకున్నాడు. ప్రేమ పెన్సిల్ కదపలేదు. ఇప్పుడు చూసి రాస్తుందని మాధురి ఆ పిల్ల కళ్లనే కనిపెడుతోంది.

టీచర్ ఆ ముగ్గురి దగ్గరికొచ్చింది. "ఎట్లొచ్చింది వినయ్?"

"సంయుక్త చెప్పింది టీచర్. ఆమెకు అన్నీ వస్తయి."

"నువ్వేమంటవ్ ప్రేమా?"

ప్రేమ తలవంచుకునే చెప్పింది. "మా నాయిన యాభై రెండు ఇటుకలు మొయ్యాలె టీచర్. ఇరవై ఏడు మోసిండు. ఇంక మూడు మోస్తే ముప్పై. ఇంకో ఇరవై మోస్తే యాభై. మల్ల రెండు. ఇరవై అయిదే అయితది కదా?"

టీచర్ తప్పనలేదు, ఒప్పనలేదు. "ప్రేమ చెప్పింది నీ మాటల్ల చెప్పు సంయుక్తా."

సంయుక్త తల్లి వైపు చూసింది. మాధురి పెదవులు కదిలి, బలవంతాన ఆగాయి. పిల్ల మళ్లీ పుస్తకంలోకి చూసి, వేళ్లు ముడుస్తూ ఇటుకలు లెక్కపెట్టుకుంది.

"రెండులకెల్లి ఏడు పోదని ఏడులకెల్లి రెండు తీసేసిన. ఉల్టా చేసిన," అంది మెల్లగా. తన జవాబు తనే చెరిపేసింది.

"ఆగు, నాక్కూడ చెప్పు," అని వినయ్ ముందుకు వంగాడు.

మాధురి ముఖం చిన్నబోయింది. కాపీ జరిగిన మాట నిజమే. సంయుక్తకు అన్నీ వస్తాయన్న నమ్మకంతో వినయ్ తప్పును రాసుకున్నాడు. అదే నమ్మకంతో మాధురి ఒక పసిదాన్ని దొంగగా చూసింది.

"వేరే కూసోబెట్టమంటరా మేడం?"

"వద్దు టీచర్. ఆ పిల్ల పక్కనే ఉండనీయండి."

పిల్లలు కలిసి ఆలోచిస్తుంటే అనుమానించడం కాదు, వాళ్లు ఒకరి మాట ఒకరు వింటున్నట్టే మనమూ ఓపికగా వినాలి.