ఒరెస్ట్ వేసిన పందిరి

మడత విప్పితే గుడారమయ్యే మా టెంట్ ట్రెయిలర్ కొనడానికి మంగళవారం మనిషి వస్తున్నాడు. అతన్ని రమ్మనాలో వద్దనాలో ఈ శనివారం మధ్యాహ్నం సరస్సు ఒడ్డున తేలిపోవాలి.

షరతు పెట్టింది నేనే. "ట్రెయిలర్ ముందు గుడ్డ పందిరి నీ అంతట నువ్వు వెయ్యి ఒరెస్ట్, ట్రెయిలర్ అమ్మను. నేను వేలు కూడా పెట్టను. వెయ్యలేకపోయావో, నోరెత్తకుండా ఇచ్చెయ్యాలి," అన్నాను. సరేనన్నాడు నా మొగుడు. జనవరిలో పక్షవాతం వచ్చి అతని ఎడమ చెయ్యి సగం పడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ ఆ పందిరి ఒంటిచేత్తో వేస్తున్నానని గొప్పలు పోయినవాడు ఇప్పుడు కాదని ఎలా అంటాడు?

నిజం చెప్పేస్తాను. అతను ఓడిపోవాలనే కోరుకున్నాను. ఒరెస్ట్ వంటింట్లో కుప్పకూలిన రోజు అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. ఈ సరస్సు నుంచి ఆస్పత్రికి కంకర రోడ్డు మీద రెండు గంటలు. ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలి. నాకు భయం. భయమేస్తే నాకు కోపం వస్తుంది, అదొక జబ్బు.

మా అమ్మాయి మార్తా ట్రెయిలర్‌ని కారు వెనక లాక్కొచ్చి, చక్రాలకి చెక్కలు పెట్టి, పిడి తిప్పి కప్పు పైకి లేపి, రెండు వైపులా పడకలు బయటికి లాగింది. తర్వాత తన పిల్లలిద్దర్నీ తీసుకుని నీళ్ళ దగ్గరికి పోయింది. ఇక మిగిలింది తలుపు ముందు పందిరే. కప్పు అంచున గాడి ఉంటుంది. గుడ్డ అంచుని అందులోకి దూర్చి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగాలి. రెండు చేతులూ ఉన్నవాళ్ళకే అది చిరాకు పని.

పక్క స్థలంలో, మాలాగే ఏటా వచ్చి దిగే విల్ఫ్ కాఫీ పోసుకుని కుర్చీ మా వైపు తిప్పుకున్నాడు. ఇక్కడ అది తప్పు కాదు. ఎవరొచ్చి దిగినా పక్కవాళ్ళు కూర్చుని చూస్తారు. అడగందే సాయానికి లేవరు, సలహాలకి మాత్రం అడగక్కర్లేదు.

"ఏం ఒరెస్ట్, ఈ పందిట్లో పెళ్ళెవరికి? భోజనాలెప్పుడు?"

"నీకే చేద్దామనుకున్నా. పిల్లనెవరూ ఇవ్వనన్నారు," అన్నాడు ఒరెస్ట్, పళ్ళ మధ్య గుడ్డ వదలకుండానే.

గంటన్నర పట్టింది. నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీల డబ్బా మూడుసార్లు తెరిచాను, మూడుసార్లు మూశాను. ఐదు పళ్ళేలున్న గంపని సర్ది మళ్ళీ సర్దాను. పడమట మబ్బు నల్లగా లేస్తోంది. రెండుసార్లు గుడ్డ గాడిలోంచి జారిపోయింది. రెండోసారి వాళ్ళమ్మ భాషలో బూతు తిట్టాడు. లేవబోయి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. రాడ్లు బిగించాడు, ముందు కాళ్ళు రెండూ నిలబెట్టాడు, తాళ్ళు లాగి మేకుల్ని బూటు మడమతో నేలలోకి దిగతొక్కాడు.

"చూశావా లేసియా? వేలు పెట్టావా?"

"పెట్టలేదయ్యా, పెట్టలేదు."

ఏడు నెలల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. ఓడిపోయింది నేనే, అయినా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు పందిరి కాళ్ళు చూశాను. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఒక కాలు జానెడు దించాలి. అప్పుడే వాన నీళ్ళు ఆ మూలనుంచి జారిపోతాయి. దించకపోతే గుడ్డ మధ్యలో నిలిచిపోయి, ఆ బరువుకి రాడ్లు వంగుతాయి, గుడ్డ గాడి దగ్గర చిరుగుతుంది. ఇది నాకు చెప్పింది ఒరెస్టే. నాకే కాదు, ఇక్కడ దిగిన ప్రతివాడికీ వెంటపడి చెప్పేవాడు. "ఒరెస్ట్ వస్తున్నాడర్రా, కాలు దించండి," అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

చెయ్యి సంగతి డాక్టరు చెప్పాడు. ఈ మరుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

విల్ఫ్ కూడా చూశాడు. నన్ను చూశాడు, తర్వాత తన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. సలహాల విల్ఫ్ మొదటిసారి నోరు మూసుకున్నాడు.

నేనూ మూసుకున్నాను. వానే పని చేసిపెడుతుంది, మంగళవారం ట్రెయిలర్ వదిలిపోతుంది, అనుకున్నాను. ఒరెస్ట్ పందిరి కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వచ్చే ఏడు పిల్లలకి ఇదంతా నేర్పిస్తానన్నాడు.

చినుకులు మొదలై జడివానైంది. పది నిమిషాల్లో గుడ్డ నడుమ కిందికి దిగింది.

"ఏమిటిది, బొజ్జ వస్తోంది?" అన్నాడు ఒరెస్ట్ పైకి చూసి. నిజంగానే అడిగాడు. చిన్నపిల్లాడి అయోమయం ఆ గొంతులో.

నావల్ల కాలేదు. వానలోకి ఉరికి, మర వదులు చేసి కాలు కిందికి దించాను. బకెట్టెడు నీళ్ళు నా నెత్తిన పడ్డాయి.

అది చూడగానే అతనికి గుర్తొచ్చింది. "లేసియా! ఎన్నేళ్ళుగా చెబుతున్నాను, ఒక కాలు దించాలని! సమానంగా పెడతారా ఎవరైనా?" అని చుట్టుపక్కలందరికీ వినపడేలా అరిచాడు.

"మర్చిపోయాను," అన్నాను.

"బుర్రుందా నీకు?"

"లేదు."

విల్ఫ్ మెల్లగా లేచి కుర్చీ సరస్సు వైపు తిప్పుకున్నాడు.

వాన తగ్గాక గుట్టెక్కి ఫోను చేశాను, ట్రెయిలర్ అమ్మడం లేదని చెప్పాను. భయం పోలేదు, రెట్టింపైంది. కానీ ఇతని నుంచి ఒక్కొక్కటీ జారిపోతున్నప్పుడు, ఉన్నదాన్ని నా చేత్తో అమ్మలేను.

కిందికొచ్చి మనవరాలి బొమ్మల పుస్తకంలోంచి ఒక కాయితం చించి, పెన్సిలు పట్టుకుని అతని పక్కన కూర్చున్నాను.

"పందిరి ఎలా వెయ్యాలో మొదట్నుంచీ చెప్పు. రాసుకుంటాను."

"ఇరవై రెండేళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట," అని నవ్వి, చెప్పడం మొదలుపెట్టాడు. గాడి తుడవాలి. గుడ్డకి ఏది పైవైపో చూసుకోవాలి. రాడ్లు మధ్యలోంచి బిగించాలి. ఒక్కటీ తప్పలేదు.

"చివర్లో కాళ్ళు రెండూ సమానంగా లేపి, తాళ్ళు కట్టెయ్. అంతే," అన్నాడు.

"అంతేగా," అన్నాను. ఒక కాలు జానెడు కిందికి, అని రాసి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.