వెనక చూరు నీళ్ళు

ఎండాకాలంలో ఇల్లు కొనే తెలివితక్కువవాడు చోడవరంలో ఉండడనుకునేదాన్ని. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు నా మొగుడు గణపతిరావే కొన్నాడు. మా అమ్మ నాకిచ్చిన రోలుగుంట పొలం అమ్మించి మరీ కొన్నాడు. ముందు వాటాలో మేముండి, వెనక వాటా అద్దెకిస్తామట.

సలహా మా అన్న సత్యారావుది. పాతిళ్ళు కొని బాగుచేయించడంలో అతనిది అందెవేసిన చెయ్యి. "గోడలు సూడు బావా. కప్పు పాడైతే మార్సుకోవచ్చు, గోడ వంగితే ఏటీ సెయ్యలేం. ఒక వాన పడ్డాక సూసి మరీ కొను," అన్నాడు. గోడల మాట ఈయనకు బాగా వినబడింది. వాన మాట వినబడలేదు.

పెదబాబు అనే ఆయన పెంకుటిల్లు కొన్నాం. చెదపట్టిన వాసాలు తీయించి, కొత్తవి వేయించి, పెంకు నేయించాం. పక్కనున్న గడ్డింటి అచ్చియ్యమ్మ రోజూ తన పెరట్లో పీట వేసుకుని పని చూసేది. మా వెనక చూరు కిందే, ఆవిడ పెరట్లో, ఓ పెద్ద గోలెం బోర్లించి ఉండేది. కుడితి గోలెమేమో అనుకున్నాను.

ఆఖరి పెంకు పడ్డాక ఆవిడ నోరు విప్పింది. "మీ సూరు నీళ్ళు నా పెరట్లో పడ్డానికి ఈల్లేదు. రేపట్నుంచి గోడెత్తిస్తన్నాను."

"ఇన్నాళ్ళూ పడ్డాయి గదమ్మా," అన్నాడు మా ఆయన.

"పెదబాబు నా పిన్ని కొడుకు. తమ్ముడి సూరని ఊరుకున్నాను. నువ్వు నాకేటవుతావు?"

చూరుకి అడ్డంగా గోడ లేస్తే నీరంతా మా మట్టిగోడ మొదట్లోకే దిగుతుంది. నాలుగు వానలకి గోడ కూలుతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"మీకు కట్టమైతే ఇల్లు నాకిచ్చీండి. కొన్న దరకే తీసుకుంటాను. రిపేర్లంటారా, నేను సెయ్యమన్లేదు," అంది.

కొత్త కప్పు ఊరికే కొట్టేద్దామని అన్నాళ్ళూ పీటేసుకు కూర్చుందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ఇచ్చేద్దామన్నాడు.

"పొలం పోయింది సాల్దా? ఇల్లు కూడా ఇచ్చీస్తావా?" అని అడ్డం తిరిగాను.

అన్నను పిలిపించి, వెనక గోడ పడగొట్టించి, మూరన్నర లోపలికి కట్టించాను. కొత్త వాసాలు కోయిస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. వెనక గది మంచం పట్టనంత ఇరుకైంది, అద్దె సగానికి పడిపోయింది. కానీ చూరు మా స్థలంలోకి వచ్చింది, ఇల్లు మాకు మిగిలింది. అచ్చియ్యమ్మ తన గోడ ఎలాగూ కట్టించుకుంది.

వానలు మొదలయ్యాయి. మా వీధి నూతులన్నీ ఉప్పునీళ్ళే. వాటితో పప్పు ఉడకదు. అందుకే నేనూ చూరు కింద గోలెం పెట్టాను. రెండో రోజు అచ్చియ్యమ్మ బిందె పట్టుకుని, తన గోడ చుట్టూ తిరిగి, మా వీధి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"నా ఇంటి గడ్డి మీంచి కారిన నీళ్ళు ఎర్రగా కంపు కొడతన్నాయమ్మా. ఇన్నాళ్ళూ మీ సూరు నీళ్ళే పట్టుకునీదాన్ని. ఓ బిందెడియ్యి."

వెనక గోలెం నిండి పొర్లిపోతున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది.

"నువ్వు నాకేటవుతావు?" అన్నాను.

నేను తలుపేసి గడియ పెట్టాను.