కంఠస్థమైన కంటి చార్టు

మధ్యాహ్నం మూడయ్యేసరికి కొత్త నర్సమ్మ బడిలో అరవైమంది పిల్లల కళ్లు చూసేసింది. ఒక్కరికీ లోపం లేదు. అందరూ గోడమీది చార్టును పై వరస నుంచి అడుగు వరస దాకా గడగడా చదివేశారు. మొదట సంబరపడింది గానీ, రానురాను అనుమానం పట్టుకుంది.

అప్పుడొచ్చింది రెండు జడల పిల్ల. సుద్దగీత దగ్గర నిలబడమంటే గీత దాటి వెళ్లి కుర్చీని గుద్దుకుంది. చార్టును వదిలేసి పక్కనున్న బీరువా వైపు తిరిగి, ఒక కన్ను మూసుకుని, అన్ని వరసలూ తప్పు లేకుండా అప్పజెప్పింది.

"చార్టు ఎక్కడుంది తల్లీ?"

"ఎక్కడుంటే ఏంటక్కా, నాకు వచ్చేసిందిగా!"

హెడ్మాస్టారు మురిసిపోయారు. "మీ ఆరోగ్యశాఖవాళ్లు పది రోజుల ముందే ఈ చార్టు పంపారమ్మా. పైనుంచి ఏ చార్టు వచ్చినా గోడకు కట్టి నేర్పించేస్తాం. మధ్యలో బెత్తం పెట్టి అడిగినా చెప్తారు!"

నర్సమ్మ తల పట్టుకుంది. నాలుగింటికి వ్యానులో జాబితా వెళ్లాలి. అందులో పేరున్నవాళ్లకే కళ్లజోళ్లు. ఇవాళ తప్పితే మళ్లీ ఏడాదికే. ఏడాది పొడుగునా ఈ పిల్ల నల్లబల్లను కూడా ఇలాగే ఊహించుకుంటూ కూర్చోవాలి.

మున్సిపాలిటీ పంపిన వ్యాను డ్రైవరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "మీది ఆరోగ్యం, ఆయనది చదువు, నాది బండి. మూడు శాఖలూ కలిసి ఒక్క పూటలో బడి మొత్తానికీ చూపు తెప్పించేశాం నర్సమ్మా. ఇక బయల్దేరదామా?"

"ఉండన్నా! మాస్టారూ, కత్తెరుందా? అక్షరాలు విడివిడిగా కత్తిరిద్దాం. వరస లేకపోతే చూసే చెప్పాలి."

మాస్టారి ముఖం వాడిపోయింది. "అమ్మో! పాడవకుండా తిరిగిస్తానని సంతకం పెట్టానమ్మా. ఇంత సర్వీసులో ఒక్క సంజాయిషీ రాయలేదు."

"నాకింకా ఉద్యోగమే ఖాయం కాలేదు మాస్టారూ. అయినా నేనే కత్తిరించానని రాసిస్తాను."

బీరువా ముందు పిల్ల ఇంకా ఒక కన్ను మూసుకునే నిలబడి ఉంది. మాస్టారు కాసేపు ఆ పిల్లనే చూసి, సొరుగులోంచి కత్తెర తీశారు. "నీకిస్తే వంకరటింకరగా కోస్తావు. జరుగు."

డ్రైవరు ముక్కల్ని పేకముక్కల్లా కలిపి, గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కటే ఎత్తి చూపాడు. ఇందాక గడగడా చదివినవాళ్లు నీళ్లు నమిలారు. ఒకడైతే అలవాటుకొద్దీ మొదటి వరస ఎత్తుకున్నాడు. "పాట కాదురా నాయనా, ఈ ఒక్కటీ చెప్పు!" అన్నాడు డ్రైవరు.

నాలుగుకు ఐదు నిమిషాల ముందు లెక్క తేలింది: తొమ్మిదిమందికి చూపు ఆనడం లేదు. రెండు జడల పిల్లకు అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా కనపడలేదు. మాస్టారి గొంతు వినపడ్డవైపు తిరిగింది. "నిన్నటిదాకా అన్నీ వచ్చాయి మాస్టారూ, ఒట్టు!"

మాస్టారు ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. "నీ తప్పేం లేదమ్మా. నేర్పినవాడిదే తప్పు."

నర్సమ్మ జాబితాలో అందరికన్నా పైన ఆ పిల్ల పేరు రాసి, కాగితం డ్రైవరు చేతిలో పెట్టింది.

"కళ్లజోడొస్తే బోర్డు కనపడుతుందా అక్కా?"

"శుభ్రంగా."

"మాస్టారి ముఖం కూడానా?"

"తొందరేముంది పాపా," వ్యాను ఎక్కుతూ అన్నాడు డ్రైవరు, "ముందు బోర్డుతో మొదలుపెట్టు."

అందరికన్నా గట్టిగా నవ్వింది మాస్టారే.