ఆడపిల్లలకు ఇష్టం లేదట

నడుస్తున్న సాంచెను, అంటే మరమగ్గాన్ని, పర్శరాములు ఊరికే ఆపడం ఆ నేతవాడలో ఎవరూ చూసి ఎరుగరు. పోగు తెగితే ఆపాలి, నూలు కండె అయిపోతే ఆపాలి. ఆ మంగళవారం ఏదీ తెగలేదు, ఏదీ అయిపోలేదు. బడికి పోయిన మనుమరాలు భవ్యశ్రీ గంట తిరగకముందే ఇంటికొచ్చి, సంచిని గోడకేసి కొట్టి, మూలకు తిరిగి కూర్చుంది. అది చూసి ఆపాడు.

"ఏమైంది బిడ్డా?"

పిల్ల ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. కరీంనగర్ కాలేజీలో తొమ్మిదో తరగతి పిల్లలకు పదిహేను రోజులు కంప్యూటర్ పని నేర్పుతారట. తిండి, పడక అక్కడే. దానికి బడిలో పరీక్ష పెడితే భవ్యశ్రీకి మొదటి ర్యాంకు వచ్చింది. పొద్దున చదివిన పేర్లలో మాత్రం ఐదుగురూ మగపిల్లలే. ఇదేంటని అడిగితే సదానందం సారు, "మీ బాపే వద్దన్నడు" అన్నాడు.

పక్క సాంచె దగ్గరున్న కొడుకు సంపత్ తల దించుకున్నాడు.

"ఎందుకు వద్దంటివిరా?"

"నేనేడ వద్దన్న బాపూ. సారే ఫోన్ జేసిండు. ఆడపిల్ల, పరాయి ఊర్ల పదిహేను రోజులు, మీరు పంపియ్యరు గదా అన్నడు. సరే సార్ అన్న."

"సరే అన్నవ్. పిల్లను అడిగినవా?"

సంపత్ తన సాంచె వైపు తిరిగాడు.

పర్శరాములు అంగీ కూడా తొడుక్కోలేదు. బనీను మీదనే, తలనిండా దూది నూగుతో, మనుమరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. "ఎటు పోతున్నవ్ మామా గింత కోపంగ?" అని చాయ్ హోటల్ దగ్గర ఎవరో అడిగితే, "నీ పని నువ్వు జూస్కో" అని ఆగకుండా పోయాడు.

బడిలో సదానందం సారు కుర్చీ చూపించాడు. పర్శరాములు కూర్చోలేదు.

"మొదలొచ్చిన పిల్లను వదిలి మిగిలినోళ్లను ఎట్ల పంపుతవ్ సారూ?"

"జర నిమ్మళంగ పెద్దయ్యా. ఆడపిల్లలకు గా లైన్ కష్టం. టీచర్ చదువు చదివియ్యి, మంచిగుంటది."

"కష్టమో కాదో పరీక్షల తెలిసింది గదా."

సారుకు చిరాకు వచ్చింది. ఆయనా నేతవాడలో పుట్టినవాడే. "మరి మీరు? ఆడపిల్లను ఏనాడన్న సాంచె ముట్టనిచ్చిండ్రా? మీ ఇండ్లల్ల ఆడోళ్లు కండెలు చుట్టుడే గదా. నాకు చెప్పవస్తివి."

మాట నిజం. నిజమైనందుకే ముసలాయనకు ఒళ్లు మండింది.

రెండేళ్ల కింద ఆయన నేస్తున్న బట్ట అంచుమీద పువ్వు విరిగి పడసాగింది. సాంచె పైన కర్రపట్టీల దండ ఒకటి తిరుగుతుంది. ఆ పట్టీలకు మేకులుంటాయి. ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ఆ మేకులే చెప్తాయి. తప్పు ఎక్కడుందో రెండు రోజులు ఎవరికీ దొరకలేదు. చాయ్ తెచ్చిన భవ్యశ్రీ కాసేపు నిలబడి చూసి, "ఏడో పట్టీల మేకు ఒక బెజ్జం పక్కకున్నది తాతా" అంది. సరిచేస్తే పువ్వు కుదిరింది. ఎవరు పట్టారని, నూలిచ్చి బట్ట నేయించుకునే సేటు అడిగితే పర్శరాములు "నేనే" అన్నాడు. ఆడపిల్ల పట్టిందంటే నవ్వుతారని. అందరి ముందూ సేటు ఆయన భుజం తట్టాడు. పిల్ల గడపలో నిలబడి విన్నది. అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

ఆ సంగతంతా ఇప్పుడు సారు ముందు కక్కేశాడు. "దీని పని నా పేరు మీద చెప్పుకున్న సారూ. సిగ్గులేనోన్ని. నేను జేసిందే నువ్వు జేస్తున్నవ్."

"గది వేరు, కంప్యూటర్ వేరు."

అప్పుడు భవ్యశ్రీ నోరు విప్పింది. "వేరెట్లయితది సార్? మేకు ఉంటే పోగు లేస్తది, లేకుంటే లేవది. బోర్డు మీద మీరు రాసిన ఒకటి, సున్న గట్లనే గదా."

సారు కాగితాలు సర్దుకున్నాడు. "పేర్లు కరీంనగర్ పోయినయి. ఇప్పుడు నా చేతుల లేదు."

"కాలేజీకి ఫోన్ జెయ్యి. నాకు వినపడేటట్టు పెట్టు." పర్శరాములు గడపకు అడ్డంగా కూలబడ్డాడు. "అందాక లేవ."

వరండాలో పిల్లలు గుమిగూడుతున్నారు. సారు ఫోన్ చేయక తప్పలేదు.

కరీంనగర్ నుంచి ఒక మేడం పలికింది. "అమ్మాయిలకు ఐదు సీట్లు వేరే ఉన్నయి గద సార్. మీరే ఆడపిల్లలకు ఇష్టం లేదని రాసి పంపిండ్రు. ఇష్టమున్నోళ్లుంటే రేపటిలోగా పేర్లు పంపండి."

పర్శరాములు మెల్లగా లేచాడు. గొంతు పెంచలేదు.

"ఇష్టం లేదని ఎవరన్నరు?"

"అందరి ఇండ్లల్ల గదే అంటరు గదా పెద్దయ్యా. అందుకే రాసిన."

"అడగకుంటనే రాసినవ్."

సారు కొత్త కాగితం తీసి భవ్యశ్రీ పేరు రాశాడు. ముసలాయనకు నమ్మకం లేదు. మనుమరాలితో పైకి చదివించుకున్నాడు. తండ్రి సంతకం కావాలంటే, "వాని తండ్రి సంతకం చాలదా?" అని కలం గుంజుకుని, ఒక్కో అక్షరం గీసుకుంటూ చేశాడు.

"ఇంక నాలుగు సీట్లున్నయి. పరీక్ష రాసిన ఆడపిల్లలు ఇంకెవరున్నరు బిడ్డా?"

"ప్రవళిక, మమతారాణి. ఇంకా ఇద్దరున్నరు తాతా."

"వాళ్ల ఇండ్లల్ల ఒప్పుకోరు పెద్దయ్యా," అన్నాడు సారు.

"గా మాట వాళ్లనే చెప్పనియ్యి." పర్శరాములు సంతకాల కోసం ఖాళీ కాగితాలు నాలుగు బల్లమీంచి తీసుకున్నాడు. కోపం ఇంకా దిగలేదు. "నడువు బిడ్డా. ముందుగాల ప్రవళికోళ్ల ఇల్లు చూపియ్యి."