గుల్నాజక్క కుడిచెయ్యి

మా గోడౌన్ గోడ మీద సేఫ్టీ చార్టు అంటించింది నేనే. మార్కాపురం రాతి పలకలను అట్టపెట్టెల్లో సర్ది పంపే గోడౌన్ మాది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివానని ఇన్‌చార్జి ఆంజనేయులన్న నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పనిలో పనిగా సేఫ్టీ కూడా చూడమన్నాడు. సరేనని అట్టలు కోసే కట్టర్ గురించి ఐదు సూత్రాలు రాశాను. బ్లేడు మొద్దుబారితే మార్చాలి, మన ఒంటివైపుకి లాగి కోయకూడదు, ఇలాంటివి. నాలుగోది: ఎవరికైనా ఇచ్చేటప్పుడు బ్లేడు లోపలికి నెట్టి, పిడి వైపు నుంచి చేతికివ్వాలి.

నాలుగోది చదివి అందరూ నవ్వారు. మా వైపు కత్తి చేతికివ్వరు. ఇస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని నమ్మకం. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. పుల్లలచెరువు నుంచి వచ్చి పలకలు తుడిచే చెంచమ్మవ్వ చార్టు కిందే నిలబడి, "నీ సదువు మా ఇండ్లల్లో కొట్లాట పెట్టేట్టుందే పిల్లా" అంది. నేనూ నవ్వాను. చార్టు గోడ మీద ఉంది, అలవాటు చేతుల్లో ఉంది. చేతికివ్వడం లేదు గనక బ్లేడు మూయడమూ లేదు. కింద పెట్టేటప్పుడు కూడా మూయాలని విడిగా రాయాలని నా బుర్రకి తట్టలేదు. ఫస్ట్ క్లాసులో పాసైన బుర్ర.

అట్టలు కోసేది గుల్నాజక్క. స్కేలు లేకుండా గీత తప్పకుండా కోసేది. అయితే ఆ చెయ్యి పేరు మోసింది మెహందీకి. ఆదివారాలు పెళ్లిళ్లకి పొదిలి నుంచి కూడా పిలిచేవాళ్లు. మూడు నెలల్లో చెల్లెలు షాహీన్ నిఖా. దానికోసం మిగిలిన అట్టముక్కల మీద పెన్నుతో తీగలు, ఆకులు, మధ్యలో రెండు నెమళ్లు గీసి నాకు చూపించేది. షాహీన్ చేతులు ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోనని ముందే చెప్పేసింది.

ఒక మంగళవారం లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. పేపర్ కట్ట విప్పడానికి తెచ్చుకున్న కట్టర్ నా దగ్గరుంది. అక్క అడిగింది. తీసుకెళ్లాను.

"ఆడ పెట్టు సంధ్యా, తీసుకుంటా."

కోసిన అట్టల మీద పెట్టాను. బ్లేడు బయటే ఉంది. అంతలో ఆంజనేయులన్న చలానా కోసం పిలిస్తే వెనక్కి తిరిగాను. ఎవరో ఇంకో నాలుగు అట్టలు తెచ్చి దాని మీద పడేశారు. లారీ తొందరలో అక్క కట్టర్ సంగతే మర్చిపోయి, పై అట్టల కిందికి చెయ్యి పోనిచ్చి ఎత్తింది.

అరవలేదు. "ఏందే ఇది" అని చేతిని చూసుకుంది, ఎవరిదో అన్నట్టు. చూపుడు వేలు, మధ్య వేలు, రెండూ మొదళ్ల దగ్గర లోతుగా తెగాయి.

ఒంగోలులో ఆపరేషన్ చేశారు. మా ఊరివాళ్లు నరాలు తెగాయన్నారు. డాక్టరేమో వేళ్లను వంచే తాళ్లలాంటివి తెగాయని, కలిపి కుట్టానని చెప్పాడు. కట్టు విప్పాక కసరత్తు చేస్తే కొంత వంగొచ్చట. కొంత అంటే ఎంతో చెప్పలేదు.

బ్లేడు తెరిచి పెట్టిందెవరని ఆంజనేయులన్న ఆసుపత్రిలోనే అడిగాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. అక్క నా వైపు చూడలేదు.

"నేనే పెట్టుకున్నా అన్నా. మర్చిపోయినా."

మర్నాడు ప్రమాదాల రిజిస్టర్‌లో 'సొంత అజాగ్రత్త' అని రాశాను. నా దస్తూరి బాగుంటుంది.

కట్టు విప్పింది మొదలు రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అక్క చేత మెత్తటి బంతి పిసికించాను. వాళ్లమ్మ షాహిదాబీ నాకు చాయ్ ఇచ్చి, సొంత చెల్లెలు కూడా ఇంత చేయదనేది. ఆ చాయ్ తాగడం నాకు అలవాటైపోయింది. వేళ్లు మాత్రం సగం కూడా వంగలేదు.

మెహందీ రోజు మధ్యాహ్నం షాహీన్ చాప మీద కూర్చుని చెయ్యి చాపింది. వేరేవాళ్లని పిలుద్దామంటే అక్క వినలేదు. కోన్‌ని బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి పట్టుకుంది. మొదటి తీగ వణికి తెగిపోయింది. దూదితో తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. ఒక్క ఆకుకి పది నిమిషాలు పట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చూపులు ఎటో తిప్పుకున్నారు. షాహిదాబీ ఏడుపు ఆపుకోలేక, కూతుర్నే తిట్టడం మొదలుపెట్టింది.

"చూసుకొని పని చేసింటే ఈ గతి పట్టేదా? చిన్నప్పట్నుంచీ దీనికి ధ్యాసే లేదు. పాపం, ఆ సంధ్యని చూడు, నీ కోసం రోజూ తిరిగీ తిరిగీ..."

"బ్లేడు తెరిచి పెట్టింది నేను, చిన్నమ్మా," అన్నాను. "అక్క కాదు."

షాహిదాబీ నన్ను చూసింది. తర్వాత అక్కని చూసింది.

"ఇప్పుడెందుకు చెప్పినావే," అంది అక్క చాలా మెల్లగా. "ఇన్ని దినాలు తిట్లు తిన్నా గదా. ఈ ఒక్క పూట కూడా తినింటే అయిపోయేది. ఇప్పుడు అందరూ నిన్నే చూస్తాండారు."

నిజమే. షాహీన్ కూడా తన చేతిని వదిలేసి నన్నే చూస్తోంది.

"నువ్వింక ఇంటికి పోమ్మా," అంది షాహిదాబీ. గొంతు పెంచలేదు. నా ముందున్న చాయ్ గ్లాసు తీసి లోపలికి పట్టుకెళ్లింది. సగం నిండుగానే ఉంది.

లేచాను. షాహీన్ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. అక్క ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టి నిలిపింది. గడప దగ్గర చెప్పులేసుకుంటూ చూశాను. రెండో ఆకు సన్నగా మొదలై, మధ్యలో పక్కకి పోయింది. అక్క దూది కోసం చాప మీద తడుముతోంది. ఎవరూ అందివ్వలేదు.