పోలెంతాను ఎవరూ మొక్కుకోలేదు

మా పోలెంతా మొక్కజొన్న సంకటి రంగు పిల్లి. అందుకే ఆ పేరు. ఆరేళ్లు కిటికీలో కూర్చుని పిచ్చుకల్ని తిట్టడమే దాని పని. మా ముసలాయన అబెలార్దో పని మానేశాక ఒక పాత బస్సు కొని, లోపల మంచమూ పొయ్యీ బిగించి, దేశం దక్షిణం చివరిదాకా తిరిగొద్దామన్నాడు. పిల్లి వస్తేనే నేనూ వస్తానన్నాను.

"పిల్లి గోడల్ని నమ్ముతుంది గానీ మనుషుల్ని కాదే, ముసలీ. తలుపు తీస్తే పోతుంది. ఒక్కసారి తప్పిపోయిందా, దొరికాక మా అక్క దగ్గర దింపేస్తా."

"మీ అక్కకు మూడు కుక్కలున్నాయి!"

"అందుకే ముందే చెప్తున్నా."

ఇక నా ప్రాణమంతా ఆ పిల్లి మీదే. పాత ఎర్ర తెర కత్తిరించి దాని ఛాతీకీ పొట్టకూ పట్టేలా చొక్కాలాంటి పట్టీ కుట్టాను. మెడకు కడితే ఉరి పడుతుంది మరి. మొదటిరోజు తొడిగితే చచ్చిపోయినట్టు పక్కకు ఒరిగిపోయింది. వారం రోజులు బస్సులోనే తిప్పి, తర్వాత మెట్టు మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతే నేల మీదికి దింపాను. ఎర్ర తాడు రెండో కొస నా నడుముకే కట్టుకునేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ మేకను గుంజకు కట్టేది. అది తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి గుంజకు ముక్కు ఆనించి నిలబడేది. ఆ మేకను నేనింకా మర్చిపోలేదు.

తెలిసీ ఒకరోజు ఆ పనే చేశాను.

భోజనాలయ్యాక రోడ్డు పక్కన, దారిన పోయేవాళ్లంతా మొక్కే 'గౌచీతో' అనే సామి గుడి దగ్గర ఆగాం. మోకాలెత్తు ఎర్ర గుడి, చుట్టూ ఎర్ర జెండాలు, ఎర్ర రిబ్బన్లు, భక్తులు పెట్టిన సిగరెట్లూ సారా సీసాలూ. ముసలాయన నిద్రపోయాడు. నేను పిల్లిని గాలి తగలని వైపు తిప్పుతుంటే పొయ్యి మీద కెటిల్ గుర్తొచ్చింది. మాతే అనే ఆకు టీకి పెట్టిన నీళ్లు వేడెక్కాలే గానీ మరక్కూడదు; మరిగాయంటే మా ఆయన మూడు రోజులు ముఖం మాడ్చుకుంటాడు. ఒక్క నిమిషమేగా అని తాడు విప్పి, గుడి జెండా కర్రకు కట్టి పరిగెత్తాను.

అంతలో ఒక లారీ గౌచీతోకు దణ్ణంగా హారన్ మోగించి ఆగింది; దారిన పోయే అందరూ మోగించేదే. కెటిల్ దించి బయటికి ఉరికాను. పోలెంతా బెదిరి, మా అమ్మ మేకలాగే కర్రను చుట్టేసుకుని, రిబ్బన్ల మధ్య ముడుచుకుపోయి ఉంది. ఎదురుగా లారీ అంత డ్రైవరు, టోపీ తీసి మోకాళ్ల మీద కూర్చుని, దానికి మాంసం డబ్బా తెరిచి పెడుతున్నాడు.

"ముట్టుకోకమ్మా!" అన్నాడు నన్ను చూసి.

"అది నా పిల్లి, నాయనా."

"ఎర్ర బట్ట తొడిగి, ఎర్ర తాడుతో సామి కర్రకు కట్టి, ఇంకా నీదంటావేంటి? ఇచ్చేశావుగా!"

"ఇవ్వలేదయ్యా! నీళ్లు మరుగుతాయని లోపలికెళ్లా."

"మా బావమరిది కూడా ఇలాగే, ఊరికే చూద్దామని సామికి ఎవరో పెట్టిన లైటర్ తీశాడు. వారంలో మూడు టైర్లు పోయాయి. తర్వాత పెళ్లాం పోయింది."

"అయ్యో, చనిపోయిందా?"

"లేదు, టైర్ల కొట్టువాడితో."

నవ్వు రాలేదు నాకు. నేను పుట్టింది ఆ గౌచీతో సామి పుట్టిన కొరియెంతెస్‌లోనే; ఆయన తన బాకీ వదలడని వింటూ పెరిగాను. పైగా ఆ ఉదయమే ఇంకో గుడి దాటుతూ, "సామీ, ఈ పిల్లిని నీకే అప్పగిస్తున్నా, నువ్వే చూసుకో" అన్నాను. ఆయన నిజంగానే తీసేసుకున్నాడేమో! నా చేతులు తాడు మీదికి పోలేదు.

గోలకు ముసలాయన లేచొచ్చాడు. రుఫీనో, అదే ఆ డ్రైవరు, అంతా చెప్పాడు.

"ఈ పిల్లి మొక్కా? సోఫా చింపడం తప్ప ఇది చేసిన పుణ్యం ఏముందయ్యా?"

"వెనక్కి కావాలంటే బదులుగా ప్రియమైంది ఏదైనా పెట్టాలి, మామా."

నా చెవిపోగులు తీశాను.

"ఇత్తడివి కదమ్మా. సామికి ఆమాత్రం తెలీదా?"

ముసలాయన నన్ను చూశాడు, పిల్లిని చూశాడు, బస్సెక్కాడు. ఇంజను మోగుతుందనే అనుకున్నాను. దిగొచ్చాడు. చేతిలో వాళ్ల నాన్న ఇచ్చిన వెండి అంచు సొరబుర్ర. నలభై ఏళ్లుగా అందులో తప్ప మాతే తాగి ఎరగడు. దాన్ని గుడిలో పెట్టి, తాడు ముడి ఒక్కొక్కటే విప్పాడు. రుఫీనో ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని, మిగిలిన మాంసం డబ్బా మాకే ఇచ్చాడు.

ఆ రోజు నుంచి మా ముసలాయన టీ కప్పులో మాతే తాగుతూ తిడుతూనే ఉన్నాడు.

"మరి మీ అక్క దగ్గర దింపేద్దామా?" అని అడిగాను.

"అంత పెట్టి కొన్నాక ఎవడైనా దింపుతాడా?"

ఇప్పుడు తాడు ఆయన నడుముకే. బస్సు నడిపేటప్పుడు ఎర్ర జెండాలు కనబడితే హారన్ కొట్టాలిగా, ముందు నన్ను కేకేస్తాడు:

"ముసలీ, దాని చెవులు మూయవే!"