మూడో వాత

నేను ఒక వాతకడ్డీని. మూరెడు పొడుగు, చెక్కపిడి, కొసన కొడవలి వంపు. పాత బండిచక్రం కమ్మిని కొలిమిలో కాల్చి, సమ్మెటతో చావబాది నన్ను చేశాడు కమ్మరి.

మొదట్లో ఎద్దులకు వాడారు. ఎద్దును నలుగురు తాళ్లేసి పడదోసేవాళ్లు. తర్వాత నాటువైద్యుడు చెంచయ్య చేతికొచ్చి మనుషుల మీద పడ్డాను. పసిరికల కామెర్లకూ వాతే, మూర్ఛకూ వాతే. మనిషికి తాళ్లు అక్కర్లేదు. సొంతవాళ్లే పట్టుకుంటారు.

అంకమ్మను తెచ్చింది అత్త గురవమ్మ. పెళ్లయి ఆరేళ్లు, కడుపు పండలేదు. ముట్టొచ్చిందంటే పొత్తికడుపు పట్టుకుని నేల మీద దొర్లేది.

"గర్భసంచిలో గాలి చేరింది," అన్నాడు చెంచయ్య. "ముట్టు మూడోరోజున వాత పెట్టాలి. మూడు నెలలు, మూడు వాతలు."

అత్త చేతులు పట్టింది, మొగుడు ఏడుకొండలు కాళ్లు పట్టాడు. పొత్తికడుపు మీద ఎర్రగా దిగాను. తోలు చుర్రుమని ఊడి నాకంటుకుంది. మర్నాటికి కడుపునొప్పి పోయింది. ముట్టు ఆగితే పోయే నొప్పే అది. పేరు నాకొచ్చింది, చెంచయ్యకు కోడిపుంజు వచ్చింది. రెండో నెలా అంతే.

మూడో నెల నిప్పుల్లో కాలుతున్నాను.

"ఓర్చుకోవే. కడుపు పండాలంటే ఈమాత్రం తప్పదు," అంది గురవమ్మ.

"అయితే నువ్వు పడుకో అత్తా, నేను పట్టుకుంటా."

"చూడరా దీని నోరు! పట్టు కాళ్లు!"

ఏడుకొండలు వంగాడు. అంకమ్మ వాడి రొమ్ము మీద ఎగిరి తన్నింది. చెంచయ్య చేతిలోంచి నన్ను గుంజుకుంది. కిందపడ్డ మొగుడి ముంజేతికేసి అదిమింది. కమురు కంపు లేచింది. వాడి కేకకు చెంచయ్య గోడకు కరుచుకుపోయాడు.

"ఒక్కసారికేనా? నాకు నెలనెలా మూడ్రోజులు లోపల ఇట్టానే ఉంటది. ఇప్పుడైనా తెలిసిందా?"

నేను చల్లారాక గోనెలో చుట్టుకుని, మొగుణ్ణి బస్సెక్కించి పెద్దాసుపత్రికి పోయింది.

డాక్టరమ్మ స్కానింగు చేస్తూ పొట్ట మీది మచ్చలు చూసింది. "ఇవేంటి?" అంది. అంకమ్మ నన్ను తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ నన్ను పక్కకు జరిపి, స్కానింగు తెర మీద వేలు పెట్టి చూపించింది.

"గర్భసంచి లోపలుండే పొరలాంటిదే బయట, అండాశయాల మీద పెరిగిందమ్మా. నెలనెలా అదీ నెత్తురు కారుస్తుంది. పోయే దారి లేక తిత్తులు కట్టింది. ఆ వాపు వల్ల అండాలు తగ్గొచ్చు, ఉన్నవాటి నాణ్యత చెడొచ్చు. గొట్టాలూ అతుక్కుపోవచ్చు. అట్లాగని పిల్లలే పుట్టరని కాదు. ఏడుకొండలూ, నీకూ పరీక్ష చేయాలి."

ఏడుకొండలు గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"వాత కాదులేవయ్యా," అందామె. "ఇంకో మాట. నొప్పికి హార్మోను మాత్రలిస్తాను. అవి వాడినన్నాళ్లూ కడుపు రాదు. పిల్లల కోసం చూస్తే నొప్పి ఓర్చుకోవాలి. ఊరికే ఆలస్యం చేయడమూ మంచిది కాదు. ఏది ముందో చెప్పండి."

"నాకిరవై నాలుగేళ్లు," అంది అంకమ్మ. "ఆర్నెల్లు నొప్పి లేకుండా బతికి చూడాలనుంది. ఆ తర్వాత పిల్లల సంగతి."

మొగుడి వైపు చూడనే లేదు. వాడు కాలిన ముంజేతి మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నాడు. ఇంట్లో తల్లి ఏమంటుందో వాడికి తెలుసు.

"నొప్పికే రాయండమ్మా," అన్నాడు.

నన్ను బల్ల మీదే వదిలేసి పోయారు. ఇప్పుడు ఆసుపత్రి వెనక విరిగిన మంచాల కింద తుప్పు పడుతున్నాను. అంకమ్మకు పిల్లలు పుట్టారో లేదో నాకు తెలీదు. ఆ రోజు వాళ్లిద్దరూ గుమ్మం దాటుతుంటే, ఆమె సంచీ వాడు అందుకున్నాడు. కాలని చేత్తో.